పడవ గడిలో సున్నా

సుద్దరాళ్లపల్లి ఉన్నత పాఠశాలలో తాగడానికి నీళ్లు లేవన్న సంగతి ఊరందరికీ తెలుసు. చుట్టుపక్కల నాలుగూళ్లకు తెలుసు. ఆ బడికి వచ్చే కాకులకు కూడా తెలుసు. అవి భోజనాల వేళకు వచ్చి మెతుకులు ఏరుకుని, నీళ్లకు మాత్రం వేరే ఊరు పోతాయి. తెలియనిది పై ఆఫీసుకు ఒక్కదానికే. ఎవరూ చెప్పక కాదు. చెప్పిన ప్రతిసారీ ఆఫీసు వారు ‘మీ లేఖ అందినది’ అని జవాబు రాస్తూనే ఉన్నారు. అందిందని వాళ్లే ఒప్పుకున్నాక ఇక అడగడానికి మనకేముంటుంది?

బడి ఆవరణలో ఒక చేతిపంపు ఉంది. కొడితే కిర్రుమంటుంది, అంతకుమించి ఏమీ అనదు. పిల్లలు దానికి పుస్తకాల సంచులు తగిలించుకుంటారు. ఇంటినుంచి తలా ఒక సీసా నీళ్లు తెచ్చుకుంటారు. ఆ ఎండలకు అది భోజనాల గంటదాకా వస్తే గొప్ప. ఆ తర్వాత నీళ్లు తాగి వస్తామని ఇంటికి పోతారు. పోయినవాళ్లు రారు. వాళ్లను తప్పుబట్టడానికి కూడా లేదు, ఆ ఎండలో రెండుసార్లు నడవమంటే మనమైనా నడవం.

ఈ బాధ ఎక్కువగా పడింది హేమావతి. ఆమె గణితం టీచరు. తొమ్మిదో తరగతికి ఆమె పీరియడ్ సరిగ్గా భోజనాల తర్వాత పడింది. పొద్దున నలభై రెండు మంది ఉన్న తరగతిలో అప్పటికి పదీ పన్నెండు మంది మిగిలేవాళ్లు. త్రిభుజాల పాఠం సగం బెంచీలకే చెప్పింది. పరీక్షలో త్రిభుజానికి నాలుగు కోణాలు గీసినవాళ్లు కనిపించినప్పుడు ఆమెకు పిల్లల మీద కోపం రాలేదు, చేతిపంపు మీద వచ్చింది. ఆమెకు కోపం తొందరగా రాదు గానీ, వచ్చాక తొందరగా పోదు.

ఆ ఏడు సాంఖ్యకశాస్త్రం పాఠం వచ్చేసరికి ఆమె తెలుగు సారును బతిమాలి పొద్దుటి పీరియడ్ మార్చుకుంది. పాఠ్యపుస్తకంలో ఎవరో ముప్పై మంది రక్తం గ్రూపులు ఇచ్చి, పౌనఃపున్య విభాజన పట్టిక, అంటే ఏది ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే లెక్క, తయారు చేయమన్నారు. ఊరూ పేరూ తెలియని ఆ ముప్పై మంది రక్తం సంగతి పిల్లలకెందుకు? సగంమంది ఆవులిస్తూ రాసుకుంటున్నారు. హేమావతి పుస్తకం మూసేసింది. సీసాలో నీళ్లు అయిపోతే మీరేం చేస్తారో ఒక్కొక్కరూ చెప్పండి అంది.

తరగతికి ప్రాణం లేచి వచ్చింది. ఒకడు ఇంటికి పోతానన్నాడు, ఒకతె పక్కదాన్ని అడుగుతానంది, ఇంకొకడు ఓర్చుకుంటానన్నాడు. ఎవరు ఏది చెబితే అది, చెప్పిన వరసలోనే ఆమె బోర్డు మీద రాస్తూ పోయింది. ‘ఇంటికి, ఇంటికి, ఓర్చుకుంటా, పక్కవాళ్లను, ఇంటికి...’ బోర్డు నిండిపోయింది. ఇది చూసి ఎవరైనా ఏమైనా చెప్పగలరా అని అడిగితే అందరూ తెల్లమొహాలు వేశారు. అప్పుడు చెప్పింది, దీన్ని ముడి దత్తాంశం అంటారని, ఇందులో అంతా ఉంటుంది గానీ ఏదీ కనపడదని. పక్కన పట్టిక గీసి, ఒక్కో జవాబుకు ఒక్కో నిలువు గీత పెట్టించింది. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా, కట్టెలమోపుకు తాడు కట్టినట్టు. చూస్తుండగానే ‘ఇంటికి వెళ్లిపోతాం’ అన్న వరుసలో మోపుల మీద మోపులు పేరుకున్నాయి. లెక్కపెడితే ఇరవై తొమ్మిది. పక్కవాళ్లను అడిగేవాళ్లు ఏడుగురు. ఓర్చుకునేవాళ్లు ఆరుగురు. ఆమె తనంతట తాను నాలుగో వరుస కూడా గీసింది. ‘బడిలోనే తాగుతాం.’ అందులో ఒక్క గీత కూడా పడలేదు. ఆ గడిలో సున్నా వేసి, పిల్లలవైపు తిరిగి, సున్నా కూడా జవాబే, దాన్ని దాచిపెడితే పట్టిక సగం మాటే చెబుతుంది అంది.

మూడో బెంచీలో పవిత్ర అనే పిల్ల ఉంది. అందరికంటే ముందు అర్థమైపోతుంది, అర్థమైందని ఊరుకోదు.

“మేడం, దీన్ని సూస్తే మనకు నీళ్లు ల్యావని ఎవరికైనా తెలుస్తాది కదా. పైవాళ్లకి పంపిస్తే?” అంది.

హేమావతికి ఆ మాట తిన్నగా గుండెలో దిగింది. ఇన్నాళ్లూ అందరూ ఉత్తరాలే రాశారు, పట్టిక ఎవరూ పంపలేదు. అంకెలు చూశాకైనా కదలరా అనుకుంది.

హెడ్మాస్టరు ఓబులేసు సారు రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి. మంచివాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో అందుకోలేదు. దానికి ఆయన దగ్గర ఒక కిటుకు ఉంది. పైకి పంపే ఏ కాగితంలోనూ సున్నా వేయడు. మనకు సున్నా అంటే ఒక అంకె, ఆఫీసుకు సున్నా అంటే ఎవడో పని ఎగ్గొట్టాడని అర్థం. ఒకసారి గ్రంథాలయంలో సంస్కృత గ్రంథాలెన్ని అని అడిగితే, ఒకటి అని రాసి, ఆ తర్వాత బస్సెక్కి పోయి ఒకటి కొనుక్కొచ్చాడు. ఈ పట్టిక చూసి ఆయన గుండెల్లో రాయి పడింది.

“సంతకం పెడతా తల్లీ. ఆ గుండ్రం మాత్రం నా చేత్తో రాయను,” అన్నాడు. హేమావతే రాసి పంపింది.

అప్పుడే జిల్లాలో గణాంక వికాస విభాగం అని కొత్తగా ఒకటి పెట్టారు. దానికి సమన్వయాధికారి సదానందం గారు. పొడుగ్గా, తెల్లగా ఇస్త్రీ చేసిన మనిషి. పట్టికలంటే ఆయనకు ప్రాణం. పట్టికలో ఏముందన్నది ఆయనకు పట్టదు, గడులు నిండాయా లేదా అన్నదే పడుతుంది. జవాబు వెంటనే వచ్చింది. ‘మీ పట్టిక సర్వాంగసుందరముగా ఉన్నది. అభినందనలు. అయితే నాలుగవ వరుసయందు పౌనఃపున్యము సున్నాగా నమోదగుట మిక్కిలి విచారకరము. సదరు శూన్యమును పక్షము దినములలో పూరించి నివేదించవలసినదిగా ఆదేశించడమైనది.’

నాలుగో వరుస ఏమిటి? బడిలోనే తాగుతాం. అంటే పిల్లలు బడిలో నీళ్లు తాగాలని పై ఆఫీసు ఆదేశించింది. హేమావతి సంతోషపడింది. నీళ్లు ఎప్పుడు పంపుతారో తెలియజేయవలెనని ఎదురు రాసింది. దానికి జవాబు రాలేదు. గడువు మాత్రం దగ్గరపడింది. ఓబులేసు సారు ఇక ఉండబట్టలేక, ఇంటినుంచి పెద్ద క్యాను మోసుకొచ్చి మొదటి బెంచీ మీద పెట్టించి, ఒక పిల్లవాడి చేత బడిలోనే ఒక గ్లాసు తాగించి, సున్నా కొట్టేసి ఒకటి వేశాడు. పైనుంచి మళ్లీ అభినందనలు వచ్చాయి. ఒక విద్యార్థి బడిలోనే నీరు తాగుచున్నాడని తెలిసి హర్షించారు. తక్కిన విద్యార్థులు అతనిని ఆదర్శముగా తీసుకొనవలెనన్నారు.

ఆ విజయంతో సదానందం గారికి హుషారు వచ్చింది. జిల్లా అంతటా ‘పౌనఃపున్య పురోగతి పక్షోత్సవాలు’ ప్రకటించారు. బడిబడికీ అచ్చువేసిన పట్టికలు వచ్చాయి. అడుగున లావు అక్షరాల్లో నియమాలు. ఏ గడిలోనూ సున్నా ఉండరాదు. అంకెలన్నీ ప్రధానోపాధ్యాయులే స్వహస్తంతో నీలిసిరాతో నింపవలెను. సున్నా ఉన్న పాఠశాలల విన్నపములు ఎట్టి పరిస్థితులలోనూ పరిశీలింపబడవు. ఆ చివరి ముక్క హేమావతి రెండుసార్లు చదివింది. బోరు వేయించండని మొదటి పట్టికతో పాటు ఆమె పెట్టుకున్న విన్నపం ఆ ఆఫీసులోనే ఉంది.

మొదటి పట్టిక, విద్యార్థులు బడికి ఎలా వస్తున్నారు. వరుసలు: నడిచి, సైకిలు, ఆటో, బస్సు, పడవ.

రాజధానిలో ఎవరో ఏటి ఒడ్డున కూర్చుని అచ్చువేయించి ఉంటారు. నడిచివచ్చేవాళ్లకు, సైకిళ్లకు, ఆటోలకు కొదవ లేదు. ఊరికి ఉన్న ఒకే బస్సు బడి పెట్టిన గంటన్నరకు వస్తుంది. పక్క పల్లె పిల్లవాణ్ణి ఒకణ్ణి రోజూ దానిలోనే, ఆలస్యంగానే రమ్మని ఒప్పించారు. పడవ దగ్గర అందరూ ఆగిపోయారు. ఆ మండలంలో ఏరు అనేది ఒకటి ఉంది. అందులో లారీలు తిరుగుతాయి, ఎడ్లబండ్లు తిరుగుతాయి, వానాకాలంలో మేకలు కూడా తిరుగుతాయి. నీళ్లు తిరిగింది చూసినవాళ్లు ముసలివాళ్లయిపోయారు.

హేమావతి ఉన్నది ఉన్నట్టు సున్నా వేయమంది. ఓబులేసు సారు వేయలేక, ఆ గడి ఖాళీగా వదిలేసి పంపాడు. ఖాళీ అంటే సున్నా కంటే ఘోరం అట. మర్నాడే ఫోను వచ్చింది. సారు ఆ ఫోనును వేడి పెనంలా పట్టుకుని తెచ్చి హేమావతి చేతిలో పెట్టాడు.

ఆమె మర్యాదగానే చెప్పింది, సార్, ఇది కరువు మండలం, ఇక్కడ పడవ ఎక్కడిది, పడవకు నీళ్లెక్కడివి అని.

“నీటి గడి వేరే ఉన్నదమ్మా, అది జలవనరుల వారిది. మీరు పడవ గడి చూసుకోండి,” అన్నారు సదానందం గారు. “సున్నా అనునది దత్తాంశం కాదు. అలసత్వం.”

అలసత్వం అన్న మాట ఆమెకు చురుక్కున తగిలింది. సగం ఖాళీ తరగతికి గొంతు చించుకుని పాఠం చెప్పే మనిషిని పట్టుకుని అనాల్సిన మాటేనా అది? ఆ రోజు ఇంటికి పోతూ దారిపొడుగునా ఆయనకు మనసులో జవాబులు చెబుతూనే ఉంది. ఇల్లు చేరేసరికి మాత్రం ఒక నిర్ణయానికి వచ్చింది. విన్నపం చూడాలంటే సున్నా ఉండకూడదు. సున్నా పోవాలంటే పడవ కావాలి. సరే, పడవే తెద్దాం.

తల్లిదండ్రుల కమిటీకి బాబయ్య పెద్ద. ఆయనకు ట్రాక్టరు ఉంది, దానికి తగిలించే నీళ్ల టాంకరు ఉంది. పక్క మండలంలో తీపినీళ్ల బోరు దగ్గర నింపుకొచ్చి పెళ్లిళ్లకూ ఇళ్లు కట్టేవాళ్లకూ పోస్తుంటాడు. బడికి పడవ కావాలని హేమావతి చెబితే ఆయన ముందు నవ్వేశాడు. ఎగతాళి కాదని తెలిశాక, కృష్ణ ఒడ్డున తన తోడల్లుడి ఊళ్లో చేపలు పట్టేవాళ్లు కొత్త పడవలు కొన్నారని, పాతవి ఒడ్డున బోర్లించి ఉన్నాయని చెప్పాడు. వారం తిరక్కుండా ట్రాక్టరు ట్రాలీ మీద ఒక ఫైబరు పడవ సుద్దరాళ్లపల్లిలో దిగింది.

ఊరు ఊరంతా వచ్చింది చూడ్డానికి. ఒక అవ్వ దానికి పసుపు రాసి కుంకుమ పెట్టి, తర్వాత ఇదేమని అడిగింది. ముందు ఏదో వెనక ఏదో తేలక పెద్దవాళ్లు కొంచెంసేపు వాదులాడుకున్నారు. పిల్లల ఆనందం చెప్పతరం కాదు. పడవలో రావడానికి పవిత్రను ఎంచారు, ఆ పిల్ల ఇల్లు బడికి ఎదురుగానే కాబట్టి. రోజూ పొద్దున పవిత్ర గేటు దగ్గర పడవెక్కి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, పదో తరగతి వాళ్లు కింద సరుగుడు దుంగలు దొర్లిస్తూ మోకుతో లాగి జెండా కంబం దాకా తెచ్చేవాళ్లు. ఓబులేసు సారు నీలిసిరాతో ‘పడవ: 1’ అని రాసి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

కరువు మండలంలో పడవ అనేసరికి సదానందం గారు స్వయంగా చూడ్డానికి వచ్చారు. పవిత్ర దిగడం చూశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు. పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, జేబులోంచి మార్గదర్శకాల పుస్తకం తీసి తిరగేశారు.

“నిర్వచనం ప్రకారం పడవ అనగా నీటిపై తేలునది. ఇది నేలపై ఈడ్వబడుచున్నది. కావున ఇది పడవ కాదు, తోపుడుబండి. తోపుడుబండికి మన పట్టికలో వరుస లేదు,” అన్నారు.

ఓబులేసు సారు హేమావతి వైపు చూశాడు. హేమావతి ముందుకొచ్చింది. ఆ తర్వాత ఆమె అంత వినయంగా మాట్లాడటం ఆ బడిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. తమరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం సార్, నీళ్లు లేనిదే పడవ పడవ కాదు, మాకు తట్టనేలేదు. ఇప్పుడీ గడి సున్నా అయిపోతే మా బడికే కాదు, జిల్లాకే తలవంపు కదా, తమరే ఏదైనా దారి చూపించాలి అంది.

జిల్లా అనేసరికి సదానందం గారి ముఖంలో రంగు మారింది. జిల్లా పట్టికలో పడవ వరుసలో ఉన్నది మొత్తం ఒకటే, అది సుద్దరాళ్లపల్లిదే. అది పోతే జిల్లాకు సున్నా. జిల్లాకు సున్నా వస్తే మెమో వచ్చేది ఆయనకే. జీపెక్కేముందు, చూద్దాం అన్నారు. ఆఫీసర్లు ఆ మాట అన్నాక చూసింది తక్కువే గానీ, ఈసారి నిజంగానే చూశారు.

ఒకే రోజు తపాలాలో రెండు కవర్లు వచ్చాయి. రెండూ గణాంక వికాస విభాగం నుంచే, రెండింటిమీదా సదానందం గారి సంతకమే. సెక్షన్లు వేరు. మొదటి దానిలో ఇలా ఉంది: ‘మీ పాఠశాలకు విద్యార్థులు పడవపై వచ్చుచున్నట్లు నమోదైనందున, సదరు గ్రామము నీటి ఎద్దడి ప్రాంతము కాదని నిర్ధారణ అయినది. కావున బోరు మంజూరు కోరు మీ విన్నపము తిరస్కరించడమైనది.’ రెండో దానిలో ఇలా ఉంది: ‘మీ గ్రామమున నీరు బొత్తిగా లేనందున పడవ తేలుట లేదని మా పరిశీలనలో తేలినది. కావున పౌనఃపున్య రక్షణ చర్యల క్రింద, పడవ నిమిత్తము మీ పాఠశాలకు ప్రతిదినము ఒక టాంకరు నీరు మంజూరు చేయడమైనది.’

హేమావతి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. పిల్లలకు గుక్కెడు నీళ్లు ఇవ్వనివాళ్లు పడవకు టాంకరు ఇచ్చారు. ఆమె రెండు కాగితాలూ మడిచి, క్లాసుకు పోయింది.

జేసీబీ వచ్చి జెండా కంబం ముందు పెద్ద గుంత తవ్వింది. పడవను అందులో దించారు. టాంకరు కాంట్రాక్టు బాబయ్యకే వచ్చింది. మధ్యాహ్నం భోజనాల గంటకు టాంకరు వచ్చి గుంతలో నీళ్లు వదిలింది. పిల్లలందరూ చుట్టూ నిలబడ్డారు. పడవ ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని, నిజంగానే తేలింది. ఆ కాస్తసేపూ హేమావతికి కూడా ముచ్చటేసింది. ఆ తర్వాత నీళ్లు తగ్గడం మొదలుపెట్టాయి. ఎన్నేళ్ల దాహమో, ఆ నేల గుటగుటా తాగేస్తోంది. పిల్లలు ఖాళీ సీసాలు పట్టుకుని చూస్తున్నారు, పడవకని మంజూరైన నీళ్లు సీసాలకు పట్టడానికి లేదు. పీరియడ్ గంట కొట్టేసరికి గుంతలో బురద మిగిలింది, పడవ బురదలో కూర్చుంది.

“ఎన్ని టాంకర్లు పోసినా ఇంతే మేడం,” అన్నాడు బాబయ్య గొట్టం చుట్టుకుంటూ. “పిల్లోళ్ల కంటే దీనికే దప్పిక ఎక్కువుండాది.”

ఆ మాటతో హేమావతికి కోపం వచ్చేసింది. సదానందం గారి మీదా, గుంత మీదా, పడవ మీదా, ఈ పడవ ఆలోచన చేసిన తన మీదా. ఆ మధ్యాహ్నం క్లాసులో మళ్లీ పదకొండు మందే ఉన్నారు. పాఠం చెబుతున్నంతసేపూ ఆమె కళ్లు కిటికీలోంచి పడవ మీదే ఉన్నాయి. నీటిని లోపలికి రానివ్వని పడవ, లోపల పోస్తే బయటికి పోనివ్వదు కదా అనిపించింది. ఆ ఆలోచన వచ్చాక ఇక ఆమె కాలు నిలవలేదు.

మర్నాడు పొద్దున్నే పడవను బురదలోంచి లాగించి, రాళ్లు పేర్చి వాటి మీద నిలబెట్టించింది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు సబ్బుపొడి వేసి రుద్ది రుద్ది, ఇళ్లనుంచి తెచ్చిన వేడినీళ్లతో కడిగారు. బాబయ్య దాని పక్కలకు రంధ్రాలు వేసి కుళాయిలు బిగించాడు. పైన దుమ్ము పడకుండా టార్పాలిన్ కప్పారు. టాంకరు రాగానే బాబయ్య గొట్టం పట్టుకుని గుంత వైపు చూశాడు, పడవ వైపు చూశాడు.

“యాడ పోయల్ల మేడం?”

“ఈ నీళ్లు ఎవరికి మంజూరైనాయి బాబయ్యా?”

“పడవకే కదా.”

“మరి దానికే పొయ్యి,” అంది హేమావతి.

పడవ నిండింది. ఒక్క చుక్క కారలేదు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు పడవ చుట్టూ ఎగబడి సీసాలు నింపుకున్నారు, ముఖాలు కడుక్కున్నారు, ఒకరిమీద ఒకరు చల్లుకున్నారు. ఓబులేసు సారు చాటుగా వచ్చి ఒక గ్లాసు తాగి, తీపిగా ఉన్నాయని మెచ్చుకుని, ఇంతకూ పడవ వరుస సంగతేమిటని అడిగాడు. దానికీ దారి దొరికింది. పడవ ముందుభాగంలో ఒక పలక ఉంది. పవిత్ర రోజూ గేటు దాటి వచ్చి ప్రార్థన గంటదాకా దానిమీద కూర్చునేది. ఇప్పుడు నీళ్లూ పడవా ఒకచోటే ఉన్నాయి, పిల్ల పడవ మీద ఉంది. ఇంతకంటే ఏం కావాలి అని సారు నిబ్బరంగా ఒకటి వేసుకున్నాడు.

గంట కొట్టాక హేమావతి క్లాసుకు పోయి గుమ్మంలోనే ఆగిపోయింది. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. మధ్యాహ్నం పూట ఆ తరగతిని అలా చూడటం ఆమెకు అదే మొదటిసారి. ఏం పాఠం చెప్పాలో కాసేపు గుర్తు రాలేదు. ఆ తర్వాత త్రిభుజాలు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

పొడిగించుకుంటూ వచ్చిన పక్షోత్సవాల ముగింపుకు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి పాఠశాలా తాను పంపిన మొట్టమొదటి పట్టికనే తిరిగి నింపి పంపవలెను. దానివల్ల పురోగతి తేటతెల్లమగును. మరొక ఉత్తర్వులో, నీటి ఎద్దడి ఉన్న పాఠశాలలు సుద్దరాళ్లపల్లిని ఆదర్శముగా తీసుకొని తక్షణమే ఒక్కొక్క పడవను సమకూర్చుకొనవలెనని కూడా ఉంది. బాబయ్య తోడల్లుడి ఊరికి ట్రాక్టర్ల రాకపోకలు పెరిగాయి.

ఈ బడి పంపిన మొట్టమొదటిది నీళ్ల పట్టికే కాబట్టి, హేమావతి తొమ్మిదో తరగతిలో మళ్లీ అదే ప్రశ్న వేసింది. సీసాలో నీళ్లు అయిపోతే ఏం చేస్తారు? నలభై రెండు మందీ ఒకటే చెప్పారు. ‘బడిలోనే తాగుతాం’ వరుసలో కట్టెలమోపులు గడి పట్టక పక్కకు పోయాయి. పక్కవాళ్లను అడిగేవాళ్లు లేరు. ఓర్చుకునేవాళ్లు లేరు. ఇంటికి వెళ్లిపోయేవాళ్లు లేరు. మిగిలిన మూడు వరుసల్లో మూడు సున్నాలు.

ఓబులేసు సారు కుర్చీలో కూలబడ్డాడు. ఒకటైతే ఏదో చేయవచ్చు, మూడు. రిటైరుమెంటు ఇంకా రెండు నెలలు కూడా లేదు. ఇన్నేళ్లూ ఒక్క మెమో లేకుండా నెట్టుకొచ్చిన సర్వీసు, ఇప్పుడు చివరి మెట్టు మీద జారడమా అని ఆయన దిగులు. అంకెలు ఆయనే స్వయంగా రాయాలి, అది నియమం. పట్టిక పట్టుకుని తొమ్మిదో తరగతికి వచ్చాడు. ఆయనకు తెలిసిన వైద్యం ఒకటే. ముగ్గురు పిల్లలు సాయం చేయాలన్నాడు. ఒకరు పక్కవాళ్లను నీళ్లడగాలి, ఒకరు ఓర్చుకోవాలి, ఒకరు భోజనాల తర్వాత ఇంటికి పోవాలి. ఈ ఒక్కరోజే, పట్టిక పంపేదాకా. ఎవరు పోతారో చేతులెత్తండి నాయనా అన్నాడు.

ఒక్క చెయ్యి లేవలేదు. ఓబులేసు సారు మాట ఆ బడిలో ఎవరూ ఎప్పుడూ కాదనలేదు. ఆయన పవిత్ర వైపు చూశాడు. ఆ పిల్ల లేచి నిలబడింది.

“పడవెక్కమంటే ఎక్కినా సార్. నేల మీద లాగినా కూర్చున్నా,” అంది. “ఇంగ ఇంటికి మాత్రం పోను. ఇప్పుడు మేడం లెక్కలు చెప్తారు.”

సారు క్లాసు మొత్తం కలయజూశాడు. ఆ వేళకు అంతమందిని ఆయన కూడా ఎప్పుడూ చూడలేదు. హేమావతి సుద్దముక్క బల్లమీద పెట్టి దగ్గరికి వచ్చింది.

“ఈ సున్నాల కోసమే కదా సార్, మనం పడవ లాగింది,” అంది మెల్లగా.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి టీచరు బల్లమీద పట్టిక పరుచుకున్నాడు. ముప్పై ఏళ్లుగా సున్నా రాయని చెయ్యి. మొదటిది వంకరపోయి కోడిగుడ్డులా వచ్చింది. రెండోది మూసుకోలేదు, మళ్లీ కలిపి దిద్దాడు. మూడోది వచ్చేసరికి చెయ్యి అలవాటు పడింది, ‘ఇంటికి వెళ్లిపోతాం’ అన్న వరుసలో గుండ్రంగా, గడి నిండా పడింది. దాని కింద సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊదాడు.